ఇడ్లీయా, పెసరట్టా? బండి దగ్గర ఏది మేలు?

వారానికి ఐదు రోజులు బయటే టిఫిన్ చేస్తాను. మొన్న రక్తపరీక్షలో సుగర్ బోర్డర్‌లో ఉందని తేలిన దగ్గర్నుంచి ఆఫీసులోనూ అపార్ట్‌మెంట్‌లోనూ ఒకటే ప్రశ్న. "మరి బయట ఏం తింటున్నావు? ఇడ్లీయేగా?" అడిగేవాళ్లే జవాబు కూడా చెప్పేసుకుంటారు. ఆవిరి మీద ఉడుకుతుంది, నూనె చుక్క ఉండదు, జ్వరం వచ్చినవాడికి కూడా అదే పెడతాం, ఇంక దానికి మించింది ఏముంటుంది అని. నేనూ ఏడాది పైగా అదే నమ్మకంతో నాలుగేసి ఇడ్లీలు తిన్నాను. ఇప్పుడు పెసరట్టుకు మారాను. "ఏంటన్నా, పెసరట్టు కూడా డైటేనా?" అని నవ్వేవాళ్లకు ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఇది రాస్తున్నాను.

నాది విశాఖలో మద్దిలపాలెం నుంచి గాజువాక ఆటోనగర్ దాకా రోజూ బండి మీద ప్రయాణం. తాటిచెట్లపాలెం, ఎన్‌ఏడీ మీదుగా వెళ్లే ఆ దారిలో టిఫిన్ సెంటర్లకేం కొదవ లేదు. ఎనిమిదింటికి తింటే మళ్లీ భోజనం ఒంటిగంటకి. మధ్యలో ఐదు గంటలు. అసలు చిక్కంతా ఆ ఐదు గంటల్లోనే ఉంది. నాలుగు ఇడ్లీలు తిన్న రోజు పదిన్నరకల్లా కడుపులో ఎలుకలు పరిగెత్తేవి. పదకొండుకి క్యాంటీన్‌లో టీ, దాంతో పాటు ఒక సమోసా, ఒక్కోసారి రెండు. అంటే పొద్దున ఇడ్లీ తిని తప్పించుకున్న నూనె మొత్తం, వడ్డీతో సహా, పదకొండింటికి కడుపులోకి వెళ్లిపోయేది. టిఫిన్ ప్లేటులో ఏముందో చూసుకున్నాను గానీ, ఆ టిఫిన్ నా చేత తర్వాత ఏం తినిపిస్తోందో చాలాకాలం చూసుకోలేదు.

అందుకే నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పరీక్ష పదకొండు గంటల పరీక్ష. ఆ వేళకి ఆకలేస్తే ఆ టిఫిన్ ఫెయిల్.

ఇడ్లీ ఎందుకు ఫెయిలవుతుందో చూద్దాం. ఇంట్లో అమ్మ గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ పోస్తుంది. బయట ఆ రెండు మూడవుతుంది, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే. మినప్పప్పు ధర తెలిసినవాళ్లెవరూ బండివాణ్ణి తప్పుపట్టరు. కానీ ఇడ్లీ రవ్వంటే బియ్యమే కదా. వంద గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, మినప్పప్పులో 23 దాకా. ఒకటికి మూడు కలిస్తే వంద గ్రాముల పొడి సరుకులో 12 గ్రాములు దాటవు. పెసరట్టులో బియ్యం లేకపోతే అంతా పెసలే, వందకి 22 గ్రాములు. దాదాపు రెట్టింపు. పైగా పెసల్ని పొట్టుతోనే రుబ్బుతారు కాబట్టి పీచు కూడా మొత్తం ప్లేటులోకి వచ్చేస్తుంది. మెత్తగా ఉడికిన బియ్యపు రవ్వ త్వరగా అరిగి సుగర్‌ని గబుక్కున పెంచుతుంది. పెసలు అంత తొందరపడవు. నాలాంటి బోర్డర్‌వాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

మరి నూనె సంగతేంటి? అందరూ పట్టుకునే పాయింటు ఇదే. పెనం మీద అట్టు చుట్టూ వేసే నూనె ఒక చెంచా, మాస్టర్ చెయ్యి జారితే రెండు. "నూనె తక్కువ వెయ్యి బాబాయ్" అంటే తగ్గిస్తాడు. అలా చెప్పి తగ్గించుకునే వీలు పూరీకి లేదు, బజ్జీకి లేదు. ఇంకో తేడా కూడా ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. పెనం మీద వేసే నూనె ఆ అట్టుకే అయిపోతుంది. మూకుడులోని నూనె పొద్దుటి నుంచి కాగుతూనే ఉంటుంది, తగ్గినప్పుడల్లా పైన కొత్తది పోస్తారు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే పదార్థాలు, 25 శాతం దాటితే వంటకి పనికిరాదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, 2018 జులై నుంచి అమల్లో ఉంది. రోడ్డు పక్కన మనం మీటరు పెట్టి చూడలేం గానీ, నల్లబడి, జిగురుగా, నురగ కడుతున్న నూనె కళ్లకే తెలిసిపోతుంది. అందుకే నూనె ఎంత అని అడిగే ముందు ఏ నూనె అని అడగాలంటాను.

అలాగని పెసరట్టుని గుడ్డిగా నమ్మకండి. మూడు చోట్ల దెబ్బతింటాం. ఒకటి, అట్టు కరకరలాడాలని పిండిలో బియ్యం కలుపుతారు. గుప్పెడైతే పరవాలేదు, ఎక్కువైతే మనం తినేది ఆకుపచ్చ దోశ. రంగు మరీ పాలిపోయి, అప్పడంలా విరుగుతుంటే అనుమానించండి. రెండోది ఉప్మా. ఎమ్మెల్యే పెసరట్టు అని లోపల గరిటెడు ఉప్మా కుక్కితే మళ్లీ రవ్వ దగ్గరికే వచ్చినట్టు. ఉప్మా వద్దని ముందే చెప్పాలి, దాని బదులు ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఎక్కువ వేయించుకోవచ్చు. మూడోది అల్లం చట్నీ. మన వైపు అందులో బెల్లం బాగానే పడుతుంది. నాకు అదంటే ప్రాణం, అయినా ఇప్పుడు చెంచాడుతో సరిపెట్టుకుని మిగతాది పల్లీ చట్నీతో లాగిస్తున్నాను. చట్నీ మాటెలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఇడ్లీకైనా అట్టుకైనా కొసరు మీద కొసరు వేయించుకునే అలవాటు మానుకోండి. ఉప్పంతా అందులోనే ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు చాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతుంటే, చట్నీ గిన్నె దగ్గరే సగం కోటా ఖాళీ చేస్తున్నాం.

ఇడ్లీ గెలిచే చోట్లూ ఉన్నాయి, కాదనను. ఇడ్లీ అడగ్గానే ప్లేటులో పడుతుంది. పెసరట్టుకి పెనం దగ్గర పది నిమిషాలు నిలబడాలి, మన ముందు ఎవరైనా నాలుగు పార్శిళ్లు చెప్పారంటే ఆఫీసుకి ఆలస్యమే. చాలా బళ్ల దగ్గర పెసరట్టు అసలు ఉండదు, కొన్నిచోట్ల ఆదివారమే వేస్తారు. పులవని పిండి కాబట్టి కొందరికి గ్యాస్ పడుతుంది కూడా. మా బావగారు పెసరట్టు తిన్న రోజు మీటింగుల్లో కూర్చోలేనంటారు. అలాంటివాళ్లకి, ఒంట్లో బాగాలేనప్పుడు ఎవరికైనా, ఇడ్లీయే. కాకపోతే కారప్పొడి చల్లి గరిటెడు నెయ్యి పోసి ఇస్తున్నారే, ఆ నెయ్యి కారం ఇడ్లీని "నూనె లేని టిఫిన్" అనడం మాత్రం ఆపేద్దాం.

పార్శిల్ తీసుకునేవాళ్లకి ఒక మాట. సలసల కాగే సాంబారు పల్చటి కవరులో కట్టించుకుని ఆరోగ్యం గురించి మాట్లాడుకోవడం నాకు వింతగా ఉంటుంది. మా నగరపాలక సంస్థ జీవీఎంసీ 2022 జూన్ 5 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ని నిషేధించింది, అయినా కవర్లు పూర్తిగా పోలేదు. ఇడ్లీ రేకుల్లో గుడ్డకి బదులు ప్లాస్టిక్ షీటు పరిచి ఉడికిస్తున్నారని 2025లో కర్ణాటక ప్రభుత్వం కట్టడి చేయాల్సి వచ్చింది. మూత తీసినప్పుడు ఒకసారి తొంగి చూడండి. గుడ్డయితే సరే. నేను బండి డిక్కీలో ఒక స్టీలు డబ్బా పెట్టుకుంటాను.

చిరుధాన్యాల ఇడ్లీ గురించి అడగకుండా ఉండరని తెలుసు. ఎంవీపీ కాలనీలో విస్తరాకుల్లో ఉడికించి ఇచ్చే వాసెన పోలి అనే చిరుధాన్యాల ఇడ్లీ తిని 2021లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు మెచ్చుకున్నాక దాని పేరు బాగా వినబడింది. చోళ్లలో (రాగుల్లో) సున్నం, అంటే కాల్షియం, చాలా ఎక్కువ, వందకి 364 మిల్లీగ్రాములు, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. రుచి నాకు నచ్చింది. కాకపోతే చోళ్లలో మాంసకృత్తులు బియ్యంతో సమానం, అంతే. నా పదకొండు గంటల పరీక్షలో పెసరట్టు కంటే వెనకే. బీచ్ రోడ్డులో వాకింగ్ అయ్యాక తాగే చోడి అంబలి కూడా అంతే. ఎండాకాలం దానంత చల్లనిది లేదు, మజ్జిగా ఉల్లిపాయా పడితే ఇంకా బాగుంటుంది, కానీ దాన్నే టిఫిన్ అనుకుంటే తొమ్మిదిన్నరకే ఆకలి.

మిగతావాటికి ఎక్కువ సమయం వద్దు. పూరీలో మంచిదేదైనా ఉందంటే బొంబాయి చట్నీయే, అది శనగపిండి కాబట్టి. మైసూరు బజ్జీ మైదా, మూకుడు, అంతే. ఉప్మా ఇడ్లీకి తమ్ముడు. బ్రెడ్ ఆమ్లెట్‌లో ఆమ్లెట్ మంచిది, బ్రెడ్ వద్దు. పెద్ద బర్గర్ చైన్లలో ఒక సౌకర్యం ఉంది, 2022 జులై నుంచి మెనూలో క్యాలరీలు వేయాలి కాబట్టి చూసి కొనుక్కోవచ్చు. గుడ్డు ఉన్నది ఏదో ఒకటి తీసుకుని కూల్ డ్రింక్, చిప్స్ కాంబో వదిలేస్తే పరవాలేదు. కానీ నేను ఆఫీసుకి వెళ్లే వేళకి వాటిలో చాలావాటి షట్టర్ లేవదు.

నేను వెళ్లే బండి దగ్గర సోమ, గురువారాలు పెసరట్టు ఉండదు. ఆ రెండు రోజులూ రెండే ఇడ్లీలు చెప్పి, పక్క కొట్లో రెండు ఉడికించిన గుడ్లు కొనుక్కుని తెచ్చుకుని కలిపి తింటున్నాను. ఇడ్లీ ప్లేటులో గుడ్లేంటని మొదట్లో బాబాయ్ వింతగా చూశాడు. రెండు గుడ్లంటే పన్నెండు గ్రాముల మాంసకృత్తులు. ఆ రోజుల్లో కూడా సమోసా దాకా వెళ్లట్లేదు, ఒట్టి టీతో ఒంటిగంట అవుతోంది.