చాంబర్ దించే ముందు ఒకసారి విని చూడండి: మెకానిక్ స్టెతస్కోపు, చాలాకాలం వాడాక

డాక్టర్ల స్టెతస్కోపులో గుండె మీద ఆనించే బిళ్ల ఉండే చోట మెకానిక్ స్టెతస్కోపుకి ఉక్కు పుల్ల ఉంటుంది. ధర వెయ్యి రూపాయల్లోపే. ఆటోనగర్లలో పొడుగు స్క్రూడ్రైవర్ పిడిని చెవికి ఆనించి ఇంజన్ వినే పాతకాలం మేస్త్రీలు దీన్ని చూసి నవ్వుతారు. అయినా డీజిల్ పికప్ బండ్ల దగ్గర పానాల పెట్టెలో ముందు చెయ్యి దీని మీదికే పోతుంది. శబ్దం ఎక్కడ పుడుతోందో చెప్పడానికే ఇది అంటారు. నాకు ఎక్కువగా కలిసొచ్చింది మాత్రం ఎక్కడ పుట్టడం లేదో తేల్చుకోవడంలో. "బేరింగ్ కొట్టింది, చాంబర్ (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దించాలి" అని షెడ్డులో తేల్చేశాక, ఆ మాట నిజమో కాదో పది నిమిషాల్లో కనుక్కోగలగడం చిన్న విషయం కాదు.

ఒక బండి సంగతి చెబుతాను. 2.5 లీటర్ల, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, ముందు బానెట్ ఉన్న పికప్. ఐడిల్‌లో టకటక మొదలైంది. రేస్ ఇస్తే పెరుగుతోంది. ఆయిల్ మట్టం సరిగ్గానే ఉంది, ఆయిల్ లైటు వెలగడం లేదు. బానెట్ ఎత్తి వింటే శబ్దం బ్లాకు కింది భాగం నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఇలాంటప్పుడు కనెక్టింగ్ రాడ్ బేరింగ్ (పిస్టన్ కడ్డీ, ఇంజన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌కి కలిసే చోట ఉండేది) అనుకోవడం సహజం. ఇంజన్ దించి సగం విప్పే హాఫ్ ఇంజన్ పని అంటే బండి వారం పాటు పడకేసినట్టే.

పుల్లని ముందు పెట్టాల్సింది చాంబర్ బ్లాకుకి కలిసే అంచు మీద, ఒక్కో సిలిండర్‌కి సూటిగా. రాడ్ బేరింగ్ పోయి ఉంటే అక్కడ బరువైన, మొద్దు దెబ్బ వినపడుతుంది. ఇంజన్ వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక అది ఇంకా పెరుగుతుంది. 2000 ఆర్‌పీఎం దాకా లేపి యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు బాగా బయటపడుతుంది. ఈ బండిలో ఆ నాలుగు చోట్లా దెబ్బ లేదు. ఎక్కడో దూరంగా మోగుతున్న సవ్వడి మాత్రం ఉంది. టాపెట్ కవర్ (ఇంజన్ పైన వాల్వుల భాగాన్ని కప్పే మూత) మీద పెడితే మామూలుగా ఉండాల్సిన సన్నటి టిక్కుటిక్కే. టాపెట్ శబ్దం క్రాంక్ వేగంలో సగానికే వస్తుంది కాబట్టి కొంచెం అలవాటైతే చెవే పట్టేస్తుంది.

అనుమానం పూర్తిగా పోవాలంటే సిలిండర్లని ఒక్కొక్కటిగా కట్ చేసి వినాలి. ఇంజన్ ఆపి, ఒక ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) కరెంటు సాకెట్ తీసి, మళ్లీ సెల్ఫ్ కొట్టి వినడం, తర్వాత ఆపి, అది పెట్టి, పక్కది తీయడం. రాడ్ బేరింగ్ అయితే ఆ సిలిండర్ కట్ అయినప్పుడు దెబ్బ స్పష్టంగా తగ్గుతుంది. పాత డీజిల్ పంపు ఇంజన్లలో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఇదే పని చేసేవాళ్లు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందే) బండిలో ఆ అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. ఐడిల్‌లోనే ఆ పైపులో వందల బార్ల ఒత్తిడి ఉంటుంది, లోడు మీద 1000 బార్లు దాటుతుంది. సన్నటి డీజిల్ ధార చేతి చర్మంలోకి దూరిపోతుంది. సాకెట్ తీసినందుకు ఇంజన్ లైటు వెలుగుతుంది. పనయ్యాక స్కానర్‌తో చెరిపేసుకోవాలి. ఈ బండిలో నాలుగు సిలిండర్లు కట్ చేసి చూసినా టకటకలో తేడా లేదు. పైగా ఆ శబ్దం మధ్యమధ్యలో తడబడుతోంది. రాడ్ బేరింగ్ దెబ్బ అలా తడబడదు, క్రాంక్ చుట్టుకి కట్టుబడి పడుతుంది.

ఇక పుల్ల డైనమో మీదికి. ముందు వైపు, అంటే పుల్లీ దగ్గర, మామూలు గుయ్యిమనే శబ్దం. వెనక వైపు పెట్టగానే చెవుల్లో సుత్తి మోత. చాలా డీజిల్ బండ్లలో డైనమో వెనకే, పెడల్ తొక్కడానికి సాయపడే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ లాగే పంపు ఉంటుంది. డైనమో బ్రాకెట్ బ్లాకుకే బిగించి ఉంటుంది కాబట్టి అక్కడి శబ్దమంతా ఇనుము గుండా బ్లాకులోకి పాకుతుంది. ఉత్త చెవితో విన్నవాళ్లు అది ఇంజన్ లోపలిదే అనుకున్నారంటే తప్పుపట్టలేం.

ఇంతవరకూ స్టెతస్కోపు గొప్పే. ఇక్కడే అది చేతులెత్తేస్తుంది. డైనమో వెనక బేరింగా, పంపా అన్నది పుల్ల తేల్చదు. రెండూ ఒకే షాఫ్ట్ మీద అంగుళాల దూరంలో ఉంటాయి. అరిగిన బేరింగ్ ఆగకుండా గరగరలాడాలి, పంపు రెక్కలు కటకటలాడాలి అనేది పుస్తకంలో బాగుంటుంది కానీ, ఐడిల్‌లో డీజిల్ మోత మధ్య ఆ తేడా పట్టడం కష్టం. దీన్నే నమ్ముకుని ఉంటే డైనమో బేరింగులు మార్చేసి శబ్దం అలాగే ఉండగా మళ్లీ బిగించుకోవాల్సి వచ్చేది.

తేల్చింది రబ్బరు పైపు. బండి సమతలం మీద ఉండాలి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్లు పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా బ్రేక్ పెడల్ నాలుగైదుసార్లు తొక్కితే పంపుకి పని పెరిగి శబ్దం తీరు మారింది. తర్వాత ఇంజన్ ఆపి, పంపు నుంచి బూస్టర్‌కి వెళ్లే పైపు ఊడదీసి, మళ్లీ స్టార్ట్ చేస్తే టకటక దాదాపు మాయం. పంపు మీద లోడు లేకపోతే రెక్కలకి కొట్టుకునే పనీ ఉండదు. పైపు తీసి ఉన్నంతసేపూ బ్రేక్‌కి సాయం ఉండదు, బండి అంగుళం కూడా కదపకూడదు.

విప్పితే కారణం దొరికింది. పంపుకి ఆయిల్ తెచ్చే సన్నటి పైపుకి, ఆయిల్ పోవడానికి లోపల కన్నం ఉండే బాంజో బోల్టు ఉంటుంది. దాని కన్నంలో ఎర్రటి సీలింగ్ పేస్టు తునక ఇరుక్కుని ఉంది. ఎప్పుడో జాయింట్లకి పేస్టు దండిగా పూసి బిగించినప్పుడు లోపలికి పిండుకున్న ముక్క ఆయిల్‌తో కొట్టుకొచ్చి అక్కడ ఆగింది. ఆయిల్ అందక రెక్కలు గాడుల్లో పట్టేస్తూ, వదులుతూ పంపు గోడని గీరాయి. రెక్కల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి, పంపు లోపలి గోడ మీద గోరు తగిలితే తెలిసేంత గీతలు.

పంపు మార్చడం పెద్ద పని కాదు. బాంజో కన్నం, ఆయిల్ పైపు గాలి కొట్టి శుభ్రం చేయాలి. బోల్టుకి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. ఆయిల్ తిరిగి చాంబర్‌లోకి దిగే రబ్బరు పైపు నలిగి ఉంటే అదీ మార్చాలి. కొత్త పంపులో కొంచెం ఇంజన్ ఆయిల్ పోసి చేత్తో తిప్పాకే బిగించాలి. పొడిగా తిరిగితే మొదటి నిమిషంలోనే గీతలు పడతాయి. చివర్లో వ్యాక్యూమ్ గేజీ తగిలించి, ఐడిల్‌లో 600 మిల్లీమీటర్ల పాదరసం దాటుతోందో లేదో చూడాలి. దాటకపోతే పైపుల్లో ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. ఇంజన్ శబ్దం అనుకున్నది అసలు బ్రేక్ గొడవ. అలాగే నడిపి ఉంటే ఏదో ఒక రోజు నిండు లోడుతో ఘాట్ దిగుతుండగా పెడల్ రాయిలా గట్టిపడేది.

మిగతా వాడకం గురించి క్లుప్తంగా. పుల్ల ఊడదీసి ఉత్త గొట్టంతో వింటే లీకులు బాగా దొరుకుతాయి. చల్లటి ఇంజన్‌లో టిక్కుటిక్కుమని, వేడెక్కాక తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్. ఇంజెక్టర్ మొదట్లో చుఫ్ చుఫ్ అంటూ చుట్టూ తారులాంటి నల్లటి మడ్డి పేరుకుంటే దాని కింద రాగి వాషర్. కామన్ రైల్ ఇంజెక్టర్ మీద పుల్ల పెడితే మంచిది కూడా భయంకరంగానే కొడుతుంది. నాలుగూ విని, మిగతావాటికి భిన్నంగా ఉన్నదాన్నే అనుమానించాలి. బెల్టు కీచుకి ఇది అక్కర్లేదు, కొంచెం నీళ్లు చిలకరిస్తే చాలు. కీచు ఆగి మళ్లీ వస్తే పుల్లీ వరస తప్పింది, ఎక్కువైతే బెల్టు టెన్షన్ చాలడం లేదు. క్లచ్ తొక్కితే వచ్చే శబ్దం రిలీజ్ బేరింగ్‌ది, న్యూట్రల్‌లో ఉండి తొక్కితే పోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్‌ది. వాటికి కాలు చాలు.

వస్తువు నాణ్యత అంతంతమాత్రమే. చెవి రబ్బర్లు ఇంజన్ వేడికి గట్టిపడి పగులుతాయి, మెడికల్ షాపులో దొరికే మెత్తటివి వేసుకుంటే సుఖం. పుల్ల మొదట్లో ఉండే పలచటి రేకు బిళ్లకి సొట్ట పడితే సగం వినికిడి పోయినట్టే. ఫ్యాన్, బెల్టు దగ్గర వంగి వినేటప్పుడు గొట్టం వేలాడకుండా రెండో చేత్తో పట్టుకోవాలి. 2000 ఆర్‌పీఎం పైన డీజిల్ బండిలో అన్నీ ఒకే మోతగా కలిసిపోతాయి. లోడుతో గట్టు ఎక్కేటప్పుడే వచ్చే శబ్దానికి ఇది పనికిరాదు. దానికి భాగాలకి క్లిప్పులు తగిలించి క్యాబిన్‌లో కూర్చుని వినే ఎలక్ట్రానిక్ పరికరాలున్నాయి, ధర చాలా ఎక్కువ. రోజూ పది బండ్లు చూసే షెడ్డుకైతే అవి నయం.

వారంటీ దాటిన ఒకటి రెండు డీజిల్ పికప్‌లు ఉండి, షెడ్డువాళ్ల మాట మీద లక్షలు పెట్టే ముందు సొంతంగా తేల్చుకోవాలనుకునేవాళ్లకి కొనమనే చెబుతాను, వ్యాక్యూమ్ గేజీ కూడా కొనుక్కుంటేనే. వారంటీలో ఉంటే సాకెట్లు, పైపులు ఊడదీయకుండా సర్వీస్ సెంటర్‌కే తోలండి. సీటు కింద ఇంజన్ ఉండే చిన్న పికప్‌లలో ఈ పుల్ల డైనమో వెనక దాకా అందకపోవచ్చు. కొన్నిటికి పొడిగించుకునే రెండో పుల్ల ఇస్తారు, అలాంటిదే చూసి తీసుకోవాలి.