అంబాసిడర్ హెడ్ స్టడ్లు కొనేటోళ్లు జర ఆగుండ్రి, 10.9 అని చెప్పి మెత్తటివి అంటగడ్తున్నరు

పాత అంబాసిడర్ బండ్లున్న అన్నలందరు ఇది చదువుండ్రి. హెడ్ స్టడ్లంటే ఇంజన్ మీది మూతను, అదే హెడ్డును, కింది బ్లాక్‌కు వట్టి ఉంచే థ్రెడ్ల కడ్డీలు, 10.9 అంటే వాటి గట్టిదనం గ్రేడు. రాణిగంజ్ దిక్కు పాత పార్ట్స్ అమ్మేటాయన ఎవరో మీకెరుకే, పేరు రాస్తలేను. మా నాయిన బండి 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ నల్గొండల దేవరకొండ రోడ్డు మీద మా మిస్త్రీ కాక షెడ్డుల విప్పినం, స్టడ్లు చానమట్టుకు తుప్పు వట్టినయ్, అంబాసిడర్ తయారుచేసుడే 2014ల బందైపాయె ఒరిజినల్‌వి యాడ దొరుకుతయ్, గందుకే ఈయనకు ఫోన్ చేస్తే "10.9 గ్రేడు, బేఫికర్ బిగించుండ్రి" అని పైసలు ముందే ఏపిచ్చుకుండు.

కాక పని నేను పక్కనే నిలవడి చూసిన. బ్లాక్‌ల థ్రెడ్లు సాఫ్ చేసి గాలి కొట్టిండు, నట్లకు చుక్క ఆయిల్ రాసిండు, నడుమకెళ్లి బయటికి విడతలు విడతలుగ టార్క్ రెంచ్‌తోని బిగించిండు. ఆఖరి విడతల నడిమి నట్టు తిరుగుతనే ఉన్నది గని, సరిపోను బిగిస్తే టక్కుమనాల్సిన రెంచ్ టక్కుమంటలేదు. కాక చెయ్యి ఆపి నా మొకం జూసిండు. హెడ్డు లేపి చూస్తే స్టడ్డు నట్టు కూసునే కాడ చీమ నడుము లెక్క సన్నగైంది, థ్రెడ్ల ఎడం కొలిచే పిచ్ గేజ్ పెడ్తే దాని పండ్లు కూసుంటలేవు, థ్రెడ్లు సాగి ఎడమైనయ్. అసలు 10.9 అంటే తెగే లోడుల 90 శాతం దాక గుంజినా మళ్ల తన పొడుగుకు రావాలె, ఆ గుంజుడుతోనే హెడ్డును వత్తి పట్టుకుంటది. ఇది సాగి గట్లనే ఉండిపాయె. హెడ్డుకు బ్లాక్‌కు నడుమ ఏసిన కొత్త గాస్కెట్ కూడ పాయె.

ఆ స్టడ్డు తీస్కపోయి అమ్మినాయన కౌంటర్ మీద పెడ్తే చేతికి గూడ తీస్కోలే, ఫోన్ చూస్కుంటనే "నల్గొండ మిస్త్రీలకు టార్క్ రెంచ్ పట్టుడొస్తదా, గొడ్డు బలంతోని తిప్పుంటరు" అన్నడు. కాక నా పక్కనే ఉన్నడు. జిల్లల ఎన్ని ఇంజన్లు లేపిన మనిషి, ఆయన ముంగట గంత మాట! కాక ఏం లొల్లి చెయ్యలే, జేబులకెళ్లి బండి పాత స్టడ్డు తీసి దాని పక్కన పెట్టి "గిది నీదానికంటే ముందు పుట్టింది సేటు, సాగలే" అన్నడు. దానికి జవాబు లేదు, బిల్లు మీద వేలు పెట్టి వాపస్ లేదన్నడు. బిల్లుల గ్రేడే రాయలే.

స్టిక్కర్ నమ్మకుండ్రి, స్టడ్డు కొస మీద గుర్తు కొట్టి ఉన్నదా చూడుండ్రి. అంబాసిడర్‌వి ఇంచు థ్రెడ్లు, 10.9 అనేది మిల్లీమీటర్ బోల్టుల లెక్క, ఇంచుల దానికి దగ్గరిది గ్రేడ్ 8, అదే అడిగి బిల్లు మీద రాపిచ్చుకోండ్రి. ఈ నడుమ ఆయన కాడ సెట్టు తీస్కొని ఇంక బిగించనోళ్లుంటే ఒక్కటి లోహం ఎంత గట్టిదో చూసే హార్డ్‌నెస్ టెస్ట్‌కు ఇయ్యుండ్రి, రిపోర్ట్ నాకు గూడ పంపుండ్రి, కన్జ్యూమర్ ఫోరంల కేసు ఏస్తున్న.