విదేశీ పెళ్లికి హైదరాబాద్ ఏజెంట్ల 'గెస్ట్ ప్యాకేజీ': ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

పెళ్లేమో థాయ్‌లాండ్‌లోని హువాహిన్‌లో, చుట్టాలేమో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, సైనిక్‌పురిలో. వీళ్లందరినీ అక్కడికి చేర్చి వెనక్కి తెచ్చే పనికి హైదరాబాద్ ట్రావెల్ ఏజెన్సీలు పెట్టిన పేరు గెస్ట్ ప్యాకేజీ. గ్రూప్ టికెట్లు, వీసా కాగితాలు, ఎయిర్‌పోర్టు నుంచి రిసార్టుకు బస్సు, శంషాబాద్‌లో చెకిన్ దగ్గర నిలబడే ఒక మనిషి. ఏ ఆఫీసు కొటేషన్ తెచ్చినా కాస్త అటూఇటూగా ఉండేవి ఈ నాలుగే కాబట్టి ఇక్కడ తూకం వేస్తున్నది ఈ సేవనే, ఏ ఒక్క కంపెనీనీ కాదు.

తీర్పు ముందే చెప్పేస్తాం. పాతికమంది దాటితే తీసుకోండి. పదిమంది లోపైతే టికెట్లు ఎవరివి వాళ్లు కొనుక్కుని, బస్సు సంగతి రిసార్టుతో నేరుగా మాట్లాడుకోవడమే చవక. మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం ఏజెంటును ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: "ప్రతి గెస్టు పాస్‌పోర్టునూ మీ మనిషి స్వయంగా చూస్తాడా, మేం పంపిన పేర్లే టైప్ చేస్తాడా?" ప్యాకేజీ విలువంతా ఆ జవాబులోనే ఉంది.

ఎందుకంటే మనవాళ్ల పేర్లతో వచ్చే తంటా అంతా ఇంతా కాదు. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా, వాట్సాప్‌లో పంపిన లిస్టులో అసలు లేనే లేదు. టికెట్ మీద పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరు గడిలో ఇంటిపేరు, పేరు గడిలో పేరు పడాలి. కొందరు పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటి ఒంటిపేరు పాస్‌పోర్టులను యూఏఈ 2022 నవంబర్ నుంచి విజిట్ వీసాకు ఒప్పుకోవడం లేదు. తండ్రి పేరో ఇంటిపేరో రెండో పేజీలో ఉంటే సడలింపు ఇచ్చింది. దుబాయ్ పెళ్లైతే ఈ ఒక్కటీ శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే తేలిపోవాలి.

గడువు సంగతీ అంతే. ఆ దేశంలో దిగే రోజుకు పాస్‌పోర్టుకు ఇంకా ఆర్నెల్లు ఉండాలనే లెక్కతోనే చూసుకోండి. పెద్దవాళ్లది పదేళ్లు కాబట్టి గుర్తుంటుంది. చిన్నపిల్లలది ఐదేళ్లకే అయిపోతుంది, దొరికిపోయేది అక్కడే. తత్కాల్‌లో వెళ్లినా 36 పేజీల పుస్తకానికి పెద్దవాళ్లకు 1,500 రూపాయల మామూలు ఫీజు మీద మరో 2,000 కట్టాలి, ఆపైన పోలీసు వెరిఫికేషన్ ఉండనే ఉంది. పదో తరగతి పాస్ కాని పెద్దల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉండొచ్చు, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అనే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని. థాయ్‌లాండ్, ఇండోనేషియా, యూఏఈ, మలేషియా ఆ జాబితాలోని దేశాలే. పెళ్లికి పోయేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. కానీ ఇమిగ్రేషన్ కౌంటర్లో ప్రశ్నలు పడొచ్చు. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్, శుభలేఖ ప్రింట్లు ఆ పెద్దాయన చేతిలోనే పెట్టాలి. కొడుకు ఫోన్‌లో ఉంటే లాభం లేదు, కొడుకు వేరే క్యూలో ఉంటాడు.

ఇక టికెట్లు. సాధారణంగా పదిమంది, ఆపైన అయితేనే ఎయిర్‌లైన్స్ గ్రూపుగా లెక్కేస్తాయి. గ్రూప్ రేటు అంటే తగ్గింపు రేటు అనుకుంటారు, కాదు. దాని లాభం వేరు: అడ్వాన్స్ కట్టి సీట్లు పట్టుకుని, పేర్లు తర్వాత ఇవ్వొచ్చు. 'మా బాబాయ్ వస్తాడో రాడో' అనే ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది. నష్టమూ ఉంది. ఎంతమంది తగ్గితే అడ్వాన్స్ ఎంత పోతుంది, పేర్ల ఆఖరు తేదీ ఏది అనేవి ఒక్కో ఎయిర్‌లైన్‌కు ఒక్కోలా ఉంటాయి. ఆ రెండూ కాగితం మీద రాయించుకోకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. సొంతంగా కొనేవాళ్లకో కిటుకు: తొమ్మిది సీట్లు ఒకేసారి వెతికితే, తొమ్మిదీ దొరికే రేటే అందరికీ పడుతుంది. తక్కువ రేటులో నాలుగే మిగిలి ఉంటే ఆ నాలుగూ మీకు కనబడవు. నాలుగు, ఐదుగా విడగొట్టి చూడండి.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, దుబాయ్, సింగపూర్, కొలంబోలకు నేరుగా విమానాలున్నాయి. బాలీకి సాధారణంగా ఎక్కడో ఒకచోట మారాల్సి వస్తుంది, అందుకే ముసలివాళ్లు ఎక్కువున్న పెళ్లికి బాలీ కంటే థాయ్‌లాండ్ నయం. చక్రాల కుర్చీ కావాలంటే టికెట్ అప్పుడే చెప్పాలి, ఆఖరుకి 48 గంటల ముందైనా నమోదు కావాలి. ఆ నమోదు టికెట్ మీద కనిపించాలి, ఏజెంట్ 'చెప్పాం సార్' అంటే సరిపోదు.

వీసా పేరుతో వేసే ఛార్జీ దగ్గర కొంచెం కళ్లు తెరవండి. థాయ్‌లాండ్ 2024 జూలైలో మనవాళ్లకు వీసా లేకుండా 60 రోజులు ఉండనిచ్చింది. ఈ నిబంధన మారుతూ వచ్చింది కాబట్టి టికెట్ కొనే రోజున ఎంబసీ సైట్‌లో ఒకసారి చూసుకోండి. 2025 మే 1 నుంచి మాత్రం డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే ముందు మూడు రోజుల్లోపు నింపాలి, చంటిబిడ్డకైనా విడిగా ఉండాలి, ప్రభుత్వ సైట్‌లో ఇది పూర్తిగా ఉచితం. దీనికి మనిషికి ఇంత అని వేస్తే అది నింపినందుకు కూలీ, ఫీజు కాదు. కూలీ ఇవ్వడం తప్పేమీ కాదు, అరవైమందికి నింపడం ఒక పూట పని. పేరు మాత్రం కూలీ అనే రాయమనండి. బాలీ అయితే వీసా ఆన్ అరైవల్ 5 లక్షల ఇండోనేషియా రూపయ్యాలు, 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక రుసుము మరో లక్షన్నర. కొటేషన్‌లో మొదటిది ఉండి రెండోది లేకపోతే అక్కడ జేబులోంచి తీయాల్సిందే.

ఈ ప్యాకేజీలు పూర్తిగా గాలికొదిలేసేది సామాన్ల విషయం. ఏజెంటుకు కిలోలు తెలుసు, పెళ్లి సామాను తెలియదు. హారతి కర్పూరం మండే పదార్థం, చేతి సంచీలోనూ పెద్ద పెట్టెలోనూ కూడదు. ఎండు కొబ్బరి చిప్పలూ అంతే, నూనె ఎక్కువ కాబట్టి తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు. నెయ్యి, ఆవకాయ పెద్ద పెట్టెలోకి. గసగసాలు దుబాయ్‌కీ సింగపూర్‌కీ అసలే వద్దు, అక్కడ అది మత్తుమందుల చట్టం కిందికి వస్తుంది. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసినా అదే సంగతి. దుబాయ్ కస్టమ్స్ నిషేధాల్లో తమలపాకులూ ఉన్నాయి, కాబట్టి తాంబూలాల సంచులు ఇక్కడ నింపి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. మామిడాకులు, పూలు ఏ దేశానికైనా అక్కడి డెకరేటర్‌కే అప్పగించాలి. మంగళసూత్రాలు, మెట్టెలు, బీపీ షుగరు మందులు, ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచీలోనే, మందులకు డాక్టర్ చీటీతో సహా. యూఏఈకి ట్రమడాల్, కొడీన్ ఉన్న మాత్రలైతే ముందే అక్కడి అనుమతి కావాలి.

నగల గురించి ఏజెంట్లు చెప్పే మాట ఒకటుంది: 'మెడలో వేసుకుంటే ఎవరూ అడగరు'. అడిగితే? విదేశంలో ఏడాదికి పైగా ఉండి వచ్చేవాళ్లకు ఇచ్చే నగల మినహాయింపు నాలుగు రోజుల పెళ్లికి వెళ్లొచ్చినవాళ్లకు వర్తించదు. ఆ బంగారం ఇక్కడినుంచి తీసుకెళ్లిందే అని చూపడానికి మీ దగ్గర కాగితం ఉండాలి. దాన్ని వెళ్లేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ దగ్గర తీసుకోవాలి, ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ అంటారు. ప్రతి నగ ఫొటో, బరువు, గుర్తింపు ఉన్న వాల్యూయర్ ఇచ్చిన విలువ పత్రం, ఉంటే బిల్లులు పట్టుకెళ్లండి. అధికారి నగను చూసి సరిపోల్చుకుంటాడు కాబట్టి చెకిన్ పెట్టెలో పడేస్తే పని జరగదు. దీనికి ఒక గంట అదనంగా వేసుకోండి. పెళ్లికూతురికీ, వడ్డాణాలూ హారాలూ మోసే దగ్గరివాళ్లకీ ఇది చాలు, ఒంటిపేట గొలుసులకు ఈ తతంగం అక్కర్లేదు.

బస్సు పని చాలామంది ఏజెంట్లు బాగానే చేస్తారు. రెండు చోట్లే బెడిసికొడుతుంది. బ్యాంకాక్‌లో విమానాశ్రయాలు రెండు, సువర్ణభూమి, డాన్ మువాంగ్. టికెట్లు వేర్వేరు ఎయిర్‌లైన్స్‌లో ఉంటే బస్సు ఒకచోట, చుట్టాలు ఇంకోచోట. రెండోది, సువర్ణభూమి నుంచి హువాహిన్ 200 కిలోమీటర్ల పైమాటే, మూడు గంటలు ఎటూ పోవు. ముహూర్తం రోజు పొద్దున దిగే టికెట్ ఎంత చవకైనా వద్దు. థాయ్ సమయం మనకంటే గంటన్నర ముందు. పంతులుగారు లగ్నం హైదరాబాద్‌కు కట్టారా, పెళ్లి జరిగే ఊరికి కట్టారా అడిగి, శుభలేఖ మీదా బస్సు షెడ్యూల్ మీదా ఒకే ఊరి సమయం వేయించండి.

డబ్బు కట్టేముందు పాన్ సంగతి. టికెట్, హోటల్, ఇతర ఖర్చుల్లో ఏ రెండు కలిపి అమ్మినా అది విదేశీ టూర్ ప్యాకేజీ, టీసీఎస్ పడుతుంది, అంటే అమ్మేవాళ్లు మీ దగ్గర ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను. 10 లక్షల వరకు 5 శాతం, ఆపైన 20 శాతంగా ఉన్న రేటును 2026 బడ్జెట్‌లో మొత్తం మీద 2 శాతం చేస్తామని ప్రకటించారు. ఒట్టి టికెట్టే కొంటే ఇది లేదు. ఈ సొమ్ము పోయేది కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, అయితే ఎవరి పాన్ మీద బిల్లు చేశారో వాళ్లకే. పెళ్లికూతురి తండ్రి పేరున ఒకే బిల్లు చేయించి, చుట్టాల దగ్గర వాటాలు వసూలు చేస్తే ఆ జమంతా ఆయనకే వెళ్తుంది. ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకుంటున్న పెళ్లైతే కుటుంబానికో బిల్లు అడగండి. ఏజెంటు విసుక్కుంటాడు, చేసిపెడతాడు.