మా ఊరి వడ్ల కొనుగోలు సెంటర్: కాంటా దాకా మంచిగున్నది, కిరికిరంతా మిల్లు కాడనే

2025 వానకాలం వడ్లు మా ఊరి ఐకేపీ (ఇందిరా క్రాంతి పథం) సెంటర్‌లనే అమ్మినం. నడిపేది మహిళా సంఘం అక్కలు. ఎట్ల నడిచిందో రాస్తున్న, సెంటర్‌ల వడ్లు పోసెటోళ్లకు అక్కరకొస్తది.

పోయిన యాసంగిల తరుగు, అంటే బస్తాకు ఇన్ని కిలోలని కోసుకునే పేరు మీద మస్తు నష్టపోయినం. అందుకే ఈసారి కాంటా పెట్టకముందే మీటింగు కావాలని పట్టుబట్టినం. రైతువేదికల రైతులం, సంఘం అక్కలు, ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), మండలం నుంచి వచ్చిన సారు అందరం కూసున్నం. గోడకు సర్కారు కాయితం అంటిచ్చి ఉన్నది: తేమ 17 శాతం, మట్టిపెడ్డలు రాళ్లు 1, తాలు (గింజ లేని పొల్లు) చెత్త 1, రంగుమారినయి మొలకెత్తినయి 5, పండని గింజలు 3, తక్కువ రకం వడ్ల కల్తీ 6 శాతం దాటొద్దని. సారు చదివి "రూల్ ఇదే" అన్నడు. మా ఊరి పెద్దమనిషి లేచి, "రూల్ మాకెరికే సారూ, తాలు ఎవరు చూస్తరు, ఎవరి ముందట చూస్తరు, అది చెప్పుండ్రి" అన్నడు. అసలు ముచ్చటంతా గదే. శానాసేపు వాదన అయినంక ఒప్పుకున్నరు: తేమ, తాలు రైతు ముందటనే చూడాలె, బస్తాకు 40 కిలోలు, దాని మీద గన్నీ సంచి బరువు తప్ప ఇంకేం జోకొద్దు, అన్నీ చీటీ మీద రాసి చేతికియ్యాలె.

మాటైతే నిలబెట్టుకున్నరు. తేమ చూసే అక్క కుప్పల మోచేయి దాకా చెయ్యి పెట్టి నడుమల నుంచి, అడుగు నుంచి పిడికెడు పిడికెడు తీసింది. పైన గింజలు ఎండకు గలగలమంటయి, చెమ్మంతా అడుగునే ఉంటది. మీటర్ గిన్నెల పోసి, మర బిగిచ్చి, అంకె నా దిక్కు తిప్పి చూపిచ్చింది. 18.6. "ఇంకొక్క ఎండ పడాలె అన్నా" అన్నది. తెల్లారి తిరగబోసి ఆరబెడితే 16.8 వచ్చింది. కోత లేకుంట రాసింది. మావి సన్నాలు. గింజ పొట్టు తీసి కాలిపర్‌ల పెట్టి, పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 లోపు ఉన్నదని చూపిచ్చిన్రు. 2025-26ల ఏ గ్రేడ్ మద్దతు ధర 2,389, సన్నాల బోనస్ 500, క్వింటాలుకు 2,889 లెక్క పడ్డది.

పరదాలు మాత్రం సరిపోలే. అక్టోబర్ ఆఖరుకు మొంథా తుఫాను వానొచ్చినప్పుడు ఉన్నయి సగం చినిగినయే. మాకన్నా ముందు పోసినోళ్ల వడ్లు తడిసి మొలకలొచ్చినయి. రైతు వడ్లకు ఇన్ని శాతాలు పెట్టినోళ్లు, పరదాలు ఎన్నుండాలె, కుప్ప పోసిన ఎన్నొద్దులకు కాంటా కావాలె అని సెంటర్‌కు గూడ పెట్టాలె గదా.

లారీ మిల్లుకు పోయినంక పరిస్థితి మారింది. తాలు ఎక్కువున్నది, బస్తాకు కిలో తగ్గియ్యుండ్రి అని మిల్లోళ్లు దించుకోకుంట నిలబెట్టిన్రు. వాళ్లు ట్రక్ షీట్ (లారీ లోడు కాయితం) మీద దించుకున్నట్టు రాస్తెనే సెంటర్ ట్యాబ్‌ల ఎంట్రీ పడుతది, అప్పటిదాక పైసలు కదలయి. అప్పులోడు ఇంటి ముందట కూసుంటే ఏ రైతు ఎన్నొద్దులు ఆగుతడు? కోతకు తలూపుతడు. ఈసారి మేము చీటీల ఫొటోలు సారుకు పంపినం, సంఘం అక్క మిల్లుకు ఫోన్ మీద ఫోన్ కొట్టింది. పొద్దుమీకినంక దించుకున్నరు. నాకు కోత పడలే. అదే లారీల వడ్లున్న ఇద్దరు ముగ్గురు అప్పటికే అరకిలోకు ఒప్పుకున్నరు, అది నాకు మనసుల పట్టలేదు. వాళ్ల చీటీలు గూడ నా చీటీ లెక్కనే ఉన్నయి.

సెంటర్‌ల చూసిన నాణ్యతే ఆఖరుది కావాలె, యాసంగి మీటింగుకు మిల్లు తరఫు మనిషి గూడ వచ్చి సంతకం పెట్టాలె అని తహసీల్ ఆఫీసుల కాయితమిచ్చినం. సెంటర్ అక్కల మీద నాకు నమ్మకమున్నది, మళ్ల అక్కడనే పోస్త. మీరు పోస్తే చీటీ చేతికొచ్చినంకనే లారీ కదలనియ్యుండ్రి. తేమ అంకె, తాలు, బస్తాల లెక్క మూడూ రాసి ఉన్నయో లేదో చూసుకొని, అక్కడనే ఫొటో తీసుకోండ్రి.