గట్టు తగాదా కేసులో మా వైపు నిలబడ్డ లాయర్ మేడం

పొలం గట్టు గొడవలో కర్రతో కొట్టాడని మా తమ్ముడి మీద బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 115(2), 118(1) సెక్షన్ల కింద కేసు పెట్టారు. రెండోదానికి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

అనంతపురం కోర్టు దగ్గరుండే ఈ మేడం ముందు ఫీజు మాట ఎత్తలేదు. తమ్ముడి చొక్కా చేయి పైకి లాగి, మోచేతి దగ్గర కమిలిన దెబ్బ చూసి, "ఇది డాక్టరుకు చూపించినారా? ఇప్పుడే పెద్దాసుపత్రికి పోయి రాయించుకోండి" అన్నారు. ఆ కాగితమే తర్వాత మమ్మల్ని కాపాడింది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉందని, అవసరానికి మించి కొడితే మాత్రం అది చెల్లదని తమ్ముడి మొహం మీదే చెప్పారు. సాక్షుల ఇళ్ల వైపు పోవద్దని గట్టిగా హెచ్చరించారు.

అవతలివాళ్ల వూండ్ సర్టిఫికెట్‌లో (గాయాల గురించి డాక్టరు రాసిచ్చే కాగితం) ఉన్నది గీరుకుపోయిన దెబ్బే. కర్ర దెబ్బ అట్లుంటుందా అని డాక్టరును కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిదానంగా అడిగారు, గొంతు పెంచలేదు. కేసు కొట్టేశారు.

పగలు ఫోన్ ఎత్తరు, కోర్టులో ఉంటారు. సాయంత్రం ఆఫీసుకే పోండి. ఫీజు విడతలుగా తీసుకుంటారు, రసీదు ఇస్తారు.