నెల్లూరులో పిల్లలకి మోడలింగ్ ఆడిషన్ అని పిలుస్తుంటే డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పిల్లలున్న వాళ్ళందరికీ చెప్తుండా, ఇన్‌స్టాలో "యాడ్స్‌కి కిడ్స్ కావలెను, ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు" అని వచ్చే వాటితో చాలా జాగ్రత్తగా ఉండండి. మా పిన్ని దగ్గర 28,500 లాగేశారు.

మినీ బైపాస్ వైపు ఒక హోటల్లో హాలు ఆదివారం పూటకి అద్దెకి తీసుకుని ఆడిషన్ పెట్టారు. పిన్ని కూతురు ఏడో క్లాసు, డాన్స్ బాగా చేస్తుంది, దాని కోరిక కాదనలేక తీసుకుపోయింది. పేరు అడిగి, నాలుగడుగులు నడిపించి, ఫోన్లో ఒక ఫోటో తీసి, పక్క రూంలోకి పిలిచి "మేడమ్, పాపది కెమెరా ఫేసు, సెలెక్ట్ అయిపోయింది" అన్నారంట. తర్వాత ఆరోజు వచ్చిన వాళ్ళని కనుక్కుంటే మాకు దొరికిన వాళ్ళంతా సెలెక్టే, ఒక్కరు కూడా రిజెక్ట్ కాలా. రిజిస్ట్రేషన్ 3,500, పోర్ట్‌ఫోలియో అంటే మోడల్ ఫోటోల ఆల్బమ్‌కి 25,000, అదీ ఈరోజు కడితేనే ఈ రేటు. మీ నాన్నని అడిగి చెప్తానని పిన్ని పాపతో అంటా ఉంటే "బయట ఇంకా చాలామంది వెయిటింగ్ మేడమ్, సీటు పోద్ది" అని పక్కనే నిలబడి ఫోన్‌పే కొట్టేదాకా వదల్లేదు.

ఆ రసీదు నేను చూశా. "పోర్ట్‌ఫోలియో అండ్ గ్రూమింగ్ చార్జెస్, నాన్ రిఫండబుల్" అని ఉంది, జీఎస్టీ నంబర్ రాయాల్సిన గీత ఖాళీ, అడ్రస్‌లో ఊరి పేరే గానీ డోర్ నంబర్ లేదు, పని ఇప్పిస్తామన్న ముక్క యాడా లేదు. అంటే కాయితం ప్రకారం వాళ్ళు అమ్మింది ఫోటోలు. ఆ ఫోటోలన్నా బాగుండాయా అంటే అన్నీ ఒకే నీలం తెర ముందు, చిన్నపిల్లకి పెళ్ళికూతురి మేకప్ వేసి తీసినవి. కొన్నాళ్ళు "క్లయింట్ రివ్యూలో ఉంది" అని మెసేజ్‌లు పెట్టారు, ఇప్పుడు ఫోనే ఎత్తరు. ఆ పిల్ల రోజూ అడుగుతా ఉంటే పిన్నికి ఏం చెప్పాలో తెలీడం లేదు, డబ్బు కంటే నాకు అది ఎక్కువ కోపంగా ఉంది.

అసలు మంచి ఏజెన్సీకి డబ్బు యాడి నుంచి వస్తదో చూడండి. బట్టల షాపో, నగల షాపో, యాడ్ తీసే కంపెనీనో మోడల్ కావాలని ఏజెన్సీని అడుగుద్ది, పని అయినాక వాళ్ళు డబ్బిస్తారు, అందులో ఏజెన్సీ పదిహేనో ఇరవయ్యో శాతం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, కమీషన్ పట్టుకుని మిగతాది మనకి ఇస్తది. మన పిల్లకి పని రాకపోతే వాళ్ళకీ రూపాయి రాదు. అందుకే వచ్చినోళ్ళలో ఎక్కువమందిని వద్దనే అంటారు. అందరూ సెలెక్ట్ అయ్యారంటేనే అర్థం చేసుకోండి, వాళ్ళకి డబ్బులిచ్చే కస్టమర్ యాడ్ కంపెనీ కాదు, మనమే.

ఇంకోటి, మొదటిసారి చూడ్డానికి పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. మేకప్ లేకుండా, తెల్లగోడ ముందు, పగటి వెలుగులో ఫోన్‌తో తీసిన ఫోటోలు చాలు, ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి, వాటితో పాటు హైటు, వయసు. పెద్ద ఏజెన్సీలు కూడా ఇవే అడుగుతాయి. తర్వాత నిజంగా పోర్ట్‌ఫోలియో కావాల్సొచ్చినా మనకి నచ్చిన ఫోటోగ్రాఫర్ దగ్గర తీయించుకోవచ్చు, మా స్టూడియోలోనే తీయించాలని పట్టుబట్టారంటే లేచి వచ్చేయండి.

జీఎస్టీ నంబర్ ఇస్తే జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, లాగిన్ కూడా అక్కర్లేదు, ఎవరి పేరు మీద ఉందో, యాక్టివ్‌లో ఉందో లేదో వస్తది. మన ఆంధ్రాలో తీసుకున్న నంబరైతే 37తో, తెలంగాణదైతే 36తో మొదలవుద్ది. పేరున్న ఏజెన్సీ పేరు చెప్పి జీమెయిల్ నుంచి మాట్లాడే వాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళిచ్చిన నంబర్‌కి కాకుండా ఆ ఏజెన్సీ వెబ్‌సైట్లో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి అడగండి. ఫలానా షాపు యాడ్ మేమే చేశాం అంటే ఆ షాపుకే ఫోన్ కొట్టండి, తప్పేం లేదు. ఆడపిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, పొట్టి బట్టల్లో ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమంటే అసలే పెట్టొద్దు, అవి యాడికి పోతాయో మన చేతుల్లో ఉండదు.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకైతే చట్టమే ఉంది. షూటింగ్ పెట్టేవాళ్ళు కలెక్టర్ పర్మిషన్ తీసుకోవాలి, రోజుకి ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, చదువు ఆగకూడదు, పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ళ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యాలి. ఇవి అడగండి. నిజంగా పిల్లలతో పని చేయించే వాళ్ళకి తెలిసే ఉంటాయి, మా పిన్నికి దొరికినోళ్ళు స్కూలు ఊసే ఎత్తలేదు.

ఇప్పటికే కట్టేసిన వాళ్ళు సిగ్గుపడి ఊరుకోవద్దు, మోసం చేసింది వాళ్ళు. ఆన్‌లైన్లో కట్టుంటే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు ఆపడం కష్టం. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్. నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి, కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. రసీదు, పేమెంట్ స్క్రీన్‌షాట్, వాట్సాప్ చాట్ ఏదీ డిలీట్ చేయొద్దు. మినీ బైపాస్ హోటల్లో ఆ ఆదివారం కట్టినోళ్ళు ఎవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, పిన్ని వాళ్ళు కంప్లైంట్ ఇవ్వబోతున్నారు, అందరం కలిసి పోదాం.