గోరు సరిచేసే కిట్లు, గోరు పీకే ప్యాకేజీలు: డబ్బు కట్టేముందు జాగ్రత్త

కాలి బొటనవేలి గోరు అంచు పక్క కండలోకి దిగి, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ చీముపట్టే బాధ ఉన్నవాళ్లకు ఈమధ్య ఫోన్‌లో ప్రకటనలు తెగ వస్తున్నాయి. ‘ఆపరేషన్ అక్కర్లేదు, వారంలో గోరు తిన్నగా’ అంటారు. డబ్బు కట్టేసి పార్సిల్ విప్పితే ఉండేవి ఇవి: ఆరేడు పారదర్శక ప్లాస్టిక్ పట్టీలు, చిన్న జిగురు ట్యూబు, అరగదీసే ఆకురాయి, కొన వంగిన స్టీలు పుల్ల, పేరు తప్ప ఇంకేమీ రాసిలేని చుక్కల సీసా. వీటిలో ఏది ఎందుకు పనిచేయదో, ఏది ఉన్న బాధను పెంచుతుందో చూడండి.

ముందు పట్టీ సంగతి. ఆ పద్ధతి బూటకమని అనలేం. గోరు మీద అడ్డంగా అంటించిన పట్టీ స్ప్రింగులా సాగి అంచుల్ని పైకి లాగుతుంది. బాగా ఒంపు తిరిగిన గోళ్లకు పాదాల నిపుణులు ఈ సూత్రంతోనే తీగలూ పట్టీలూ వేస్తారు. అయితే వాళ్లు గోరును ఎసిటోన్‌తో తుడిచి, నూనె, తేమ లేకుండా ఆరబెట్టాకే అంటిస్తారు. గోరు పెరిగే కొద్దీ తీసి మళ్లీ వెనక్కి జరుపుతారు. చీము, దుర్మాంసం ఉన్న వేలికి అంటించరు. కాలిగోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంది, బొటనవేలి గోరు పూర్తిగా మారడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. అలాంటిది వారంలో తిన్నగా ఎలా అవుతుంది?

పైగా మన గోదావరి డెల్టాలో కాళ్లు ఆరేదెప్పుడు? సార్వా నాట్లకు దమ్ము చేలో దిగినా, రొయ్యల చెరువులో మేత చల్లినా, కాలవ గట్టున బురదలో నడిచినా ఆ జిగురు ఒక పక్క లేస్తుంది. లేచిన చోట నీరు నిలుస్తుంది, గోరు ఆకుపచ్చగా మారుతుంది. అది బ్యాక్టీరియా పని. సగం లేచిన పట్టీ దుప్పటికో మేజోడుకో తగులుకుంటే గోరు అంచు చీలి కొత్త ముల్లు తయారవుతుంది.

అసలు చేటు చేసేది మాత్రం ఆ వంకర పుల్ల. దాంతో మూల పైకెత్తి, కనిపించినంత మేర ఏటవాలుగా కత్తిరించేస్తే ఆ రాత్రికి హాయిగా ఉంటుంది. కానీ చర్మం కింద కత్తెర అందని చోట సన్నటి గోరు ముక్క మిగిలిపోతుంది. గోరు ముందుకు జరిగే కొద్దీ ఆ ముక్క కండలోకి దిగుతుంది. రెండు మూడు నెలలకు వాపు, చీము, వాటి మీద ఎర్రగా ఉబ్బి తాకితే రక్తం కారే దుర్మాంసం. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ కిట్ల కింద ఐదు నక్షత్రాల మెచ్చుకోళ్లు ఎందుకుంటాయో కూడా ఇక్కడే అర్థమవుతుంది. అవి మొదటి వారంలో రాసినవి. బాధ తిరగబెట్టేసరికి సరుకు వాపసు ఇచ్చే గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

చుక్కల సీసా మీద అందులో ఏముందో రాసి లేకపోతే గోరుకు తాకించకండి. గోరును మెత్తబరచడానికి వైద్యులు వాడేది 40 శాతం యూరియా లేపనం. కొన్ని సీసాల్లో కాలి ఆనెకాయలకు వాడే సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, అది పచ్చి కండ మీద పడితే కాలుతుంది. ఇంట్లో వేలికి తొడిగే నిమ్మకాయ, ఊళ్లో పెట్టే నల్లజీడి కూడా అంతే. నల్లజీడి రసం బొబ్బలెక్కిస్తుంది, ఆ పుండు మానడం వేరే కథ.

ఇక ఎక్కువ డబ్బు పోయేది ‘మొత్తం గోరు పీకేస్తే పీడ పోతుంది’ అనే చోట. గోరు పుట్టేది పైకి కనిపించే చోట కాదు, మొదట్లో చర్మం కింద దాగిన వేరు దగ్గర. గోరు పీకినా ఆ వేరు అలాగే ఉంటుంది కాబట్టి కొత్త గోరు అంతే వెడల్పుతో వస్తుంది. ఈలోపు గోరు అదుపు లేక వేలి కొన కండ పైకి ఉబ్బి, వచ్చే గోరుకు అడ్డుగోడ అవుతుంది. మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు మాటిమాటికీ పీకడం వల్ల ఒరిగేది లేదు.

అందుకే డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: ‘గుచ్చుకునే పక్క మాత్రమే తీసి, వేరును ఫినాల్ అనే రసాయనంతో కాలుస్తారా?’ సరిగ్గా చేస్తే పని ఇలా సాగుతుంది. వేలి మొదట్లో రెండు పక్కలా లిగ్నోకైన్ మత్తు ఇచ్చి, పూర్తిగా మొద్దుబారేదాకా ఆగుతారు. రక్తం రాకుండా రబ్బరు కట్టు బిగిస్తారు. గోరు పక్కన రెండు మూడు మిల్లీమీటర్ల పేలికను వేరు దాకా నిలువుగా చీల్చి లాగేస్తారు. తర్వాత 80 నుంచి 88 శాతం ఫినాల్‌లో ముంచిన దూదిపుల్లతో అర నిమిషం నుంచి నిమిషం చొప్పున రెండు మూడుసార్లు రుద్ది, స్పిరిట్‌తో కడుగుతారు. రక్తం ఉంటే ఫినాల్ పలచబడి వేరు సగమే కాలుతుంది, మళ్లీ ముల్లు మొలుస్తుంది. రబ్బరు కట్టు విప్పారో లేదో మీరే కళ్లారా చూసుకోండి, మర్చిపోతే వేలికే ముప్పు. గోరు ఎప్పటికీ కాస్త సన్నగానే ఉంటుంది, అది లోపం కాదు. రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకాస్త ఎక్కువ కాలం, రసి కారుతుంది. దాన్ని చీము అనుకుని కంగారుపడి మాత్రలు కొనకండి. ఈ వారాల్లో చేలో, చెరువులో కాలు పెట్టకూడదు కాబట్టి నాట్లప్పుడు చేయించుకోకండి. పుండు ఉన్న కాలితో మురుగునీటిలో దిగితే ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం కూడా ఉంది. ధనుర్వాతం టీకా వేయించుకుని చాలాకాలమైతే ఆ సంగతీ అడగండి.

పాదాల నిపుణుడి కోసం ఊళ్లు తిరగక్కర్లేదండి. జనరల్ సర్జన్లు ఈ పని చేస్తారు. కాకినాడ జీజీహెచ్ (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) లాంటి పెద్దాసుపత్రిలో సర్జరీ ఓపీకి వెళ్లి అడగొచ్చు.

చీము లేకుండా నొప్పి, ఎరుపు మాత్రమే ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో పదిహేను నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు పాదం ఉంచి బాగా తుడవాలి. బియ్యపుగింజంత దూదిని పేని గోరు మూల కిందకు నెమ్మదిగా జరపాలి, రోజూ మార్చాలి. సాగే టేపు ఒక సెంటీమీటరు వెడల్పున కత్తిరించి, గోరు పక్క కండ మీద అంటించి, కండను గోరు నుంచి దూరంగా కిందికి లాగుతూ వేలి అడుగున ఏటవాలుగా చుట్టాలి. రెండు వారాల్లో తగ్గకపోతే సర్జన్ దగ్గరికి. గోళ్లను అడ్డంగా తిన్నగా, వేలి కొనకు సమంగా కత్తిరించండి. మూలలు కండ బయటే ఉండాలి. గోరు మధ్యలో వి ఆకారంలో గాటు పెడితే అంచులు లోపలికి వస్తాయనేది ఉత్త మాట, గోరు పెరిగేది వేరు నుంచే. చెరువు పనికి వేసుకునే గంబూట్లు ముందు భాగం ఇరుకైతే ఇవేవీ నిలబడవు.

షుగర్ ఉన్నవాళ్లు, పాదం మొద్దుబారినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కిట్ జోలికి గానీ, దుకాణంలో గోరు పీకించుకోవడానికి గానీ పోకండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, వాటివల్ల కూడా గోటి పక్క దుర్మాంసం వస్తుంది. గోరు కింద గట్టి బుడిపె ఉంటే ఒక ఎక్స్‌రే తీయించండి, ఎముక పెరిగి ఉండొచ్చు. ఎరుపు పాదం పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆరోజే ఆసుపత్రికి.

ఇప్పటికే కొన్నవాళ్లు డబ్బా మీద గరిష్ట చిల్లర ధర, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, దిగుమతి సరుకైతే తయారైన దేశం ఉన్నాయో లేదో చూడండి. ఇవి లేకుండా అమ్మడం నిబంధనలకు విరుద్ధం. డబ్బానూ బిల్లునూ పారేయకుండా ఫొటోలు తీసి, ప్రకటన స్క్రీన్‌షాట్‌తో కలిపి ఉంచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.